గుడ్డలు కొరికే పిస్తోలు

డోయల్ రాట్లిఫ్ పిస్తోలు పందొమ్మిదేళ్ళలో ఒక్క మనిషిని చంపలేదు. పాముని చంపలేదు, పిచ్చికుక్కని చంపలేదు, కంచె మీద నిలబెట్టిన ఖాళీ డబ్బాని పడగొట్టిన దాఖలా కూడా లేదు. అది చంపిందల్లా చొక్కాలే. ఆ శవాలను అతని భార్య ఆర్డిత్ కుట్టుమిషను కింద అట్టపెట్టెలో దాచిపెట్టింది. అన్నిటికీ గాయం ఒకేచోట. కుడివైపు, నడుముకి బెత్తెడు పైన. మొదట నూగు లేస్తుంది, తరవాత గుడ్డ పలచబడుతుంది, ఆఖరికి వేలు దూరేంత చిల్లు పడుతుంది. ఇప్పటికి నలభై మూడు.

"ఇంకో ఏడింటిని చంపావంటే యాభై అవుతాయి. పతకం ఏమన్నా ఇస్తారేమో కనుక్కో" అనేది ఆర్డిత్.

డోయల్ నవ్వేవాడు కాదు. పిస్తోలు సంగతి వస్తే అతను నవ్వడు. పాస్టరుగారు ప్రార్థన చేసేటప్పుడు పెట్టే మొహమే పెడతాడు.

టెక్సస్ ఉత్తరపు కొసన, గాలికి అడ్డం నిలిచేది గోధుమ గిడ్డంగి ఒక్కటే అయిన డ్రై ఫోర్క్ అనే ఊళ్ళో ఆర్డిత్‌ది దర్జీ కొట్టు. కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవి విప్పి, బిగించి, వదులు చేసి, చిరిగినచోట అతుకు వేస్తుంది. ముప్పైయేడేళ్ళుగా ఊళ్ళో మగవాళ్ళ నడుములు ఎలా పెరుగుతూ వచ్చాయో ఆమె టేపుకి తెలుసు. ఎవరు పిస్తోలు పెట్టుకుని తిరుగుతారో, ఒంటి మీద ఎక్కడ పెట్టుకుంటారో కూడా బట్ట తిరగేసి చూస్తే చెప్పేస్తుంది. బ్యాంకు మేనేజరుది కాలిమడమ దగ్గర, అందుకే అతని ప్యాంటు అంచు ఎడమకాలికే చీకిపోతుంది. స్కూలు బోర్డు సభ్యుడొకడు వీపు కింద దోపుకుంటాడు. వాడి కోట్లతోబాటు ట్రక్కు సీటు తోలు కూడా పోయింది. వీళ్ళంతా తమ రహస్యం పరమ రహస్యమని నమ్ముతారు. కొట్లోకి వచ్చి, కోటు బల్ల మీద పరిచి, "మేకు తగిలి చిరిగినట్టుంది, మిస్ ఆర్డిత్" అంటారు. డ్రై ఫోర్క్‌లో ఉన్న మేకులన్నీ మగవాళ్ళ కుడి తుంటి ఎత్తునే ఉన్నాయన్నమాట.

తుపాకీ అంటే ఆర్డిత్‌కి పడదనుకుంటే పొరబాటు. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో వంటింటి తలుపు వెనక జోడుగొట్టాల తుపాకీ ఉండేది. దాంతో పదకొండో ఏట కోళ్ళగూటి దగ్గర తోక మోగించే గిలకపాముని కొట్టి, వెళ్ళి చేతులు కడుక్కుని భోజనానికి కూచుంది. ఆ తుపాకీని ఎవరూ ఒంటికి కట్టుకుని సంతకి పోలేదు. పనిముట్టుని ఆభరణంలా పెట్టుకునేవాళ్ళంటేనే ఆమెకు రోత.

ఆయుధాల మీద రాసిన పుస్తకాలు ప్రపంచంలో గుట్టలుగా పడి ఉన్నాయి. ఏ కత్తి ఏ రాజు మెడ తెగ్గొట్టిందో, ఏ ఫిరంగి ఏ కోటగోడ కూల్చిందో వరసగా చెబుతాయి. ఆ కత్తి వేలాడినంత కాలం రాజుగారి అంగరఖాకి ఎన్ని మాసికలు పడ్డాయో, మాసిక వేసిన దర్జీ లోపల్లోపల ఏమని తిట్టుకున్నాడో ఒక్కడూ రాయలేదు. చరిత్ర రాసేవాళ్ళకి సూదిలో దారం ఎక్కించడం రాకపోవడమే ఇందుకు కారణం అయివుండాలి. మొలలో తాళాలగుత్తి దోపుకునే మన ముసలమ్మల చీరలు ఎక్కడ చిరుగుతాయో చూసినవాళ్ళకి ఈ సంగతి విప్పి చెప్పక్కర్లేదు. కాకపోతే తాళాలగుత్తి రోజుకి పదిసార్లు బీరువా తీస్తుంది. డోయల్ పిస్తోలు పందొమ్మిదేళ్ళలో ఏమీ తియ్యలేదు, ఏమీ వెయ్యలేదు.

డోయల్ ట్రాక్టరు విడిభాగాల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి బేరింగులు, బెల్టులు అందిస్తాడు. అరవైయేడేళ్ళు. పొట్ట గుండ్రంగా, కాళ్ళు సన్నగా, రెండు పుల్లల మీద నిలబెట్టిన గుమ్మడికాయలా ఉంటాడు. పిస్తోలు కొనడానికి కారణం ఒకప్పుడు లబక్ పట్నంలో జరిగిన సంఘటన. చీకటి పడే వేళ, కార్లు నిలిపేచోట ఒక మనిషి దగ్గరికొచ్చి సిగరెట్టుకి నిప్పు అడిగాడు. డోయల్ లేదన్నాడు. ఆ మనిషి సరేనని వెళ్ళిపోయాడు. మొదటిసారి ఇంటికొచ్చి చెప్పినప్పుడు జరిగింది ఇంతే. రెండో ఏడాదికి ఆ మనిషి చెయ్యి జేబులో ఉంది. ఐదో ఏడాదికి ఇద్దరయ్యారు. ఇప్పుడు ముగ్గురు, అందులో ఒకడి మెడ మీద పచ్చబొట్టు కూడా ఉంది. ఆర్డిత్ ఈ కథ విన్న ప్రతిసారీ సూది కిందకే చూస్తూ, "నిప్పు ఇచ్చుంటే ఇంత కథ ఉండేది కాదు" అని ఊరుకునేది.

హోటల్‌కి వెళితే తలుపు కనపడే కుర్చీలోనే కూచుంటాడు. పాలు తేవడానికి పిస్తోలు, చెత్తబుట్ట రోడ్డు మీద పెట్టడానికి పిస్తోలు. ఒకసారి వేడివేడి మొక్కజొన్న రొట్టె విరుస్తుంటే తలుపు దడాలుమంది. చెయ్యి నడుము మీదకి పోయి, వెన్నంతా చొక్కాకి పూసుకుంది. వచ్చింది గాలి. డ్రై ఫోర్క్‌లో తలుపులు కొట్టేది ఎప్పుడూ గాలే.

ఇంతదాకా ఆర్డిత్‌కి వినోదంగానే ఉండేది. చొక్కాలు పోతే పోనీ, చొక్కాలు దొరుకుతాయి. గొడవంతా కోటు దగ్గర మొదలైంది.

ఆ ఫిబ్రవరిలో వాళ్ళ చర్చిలో రక్షక దళం పెట్టారు. ఆరాధన జరిగేటప్పుడు ఆరుగురు మగవాళ్ళు పిస్తోళ్ళతో వాకిళ్ళ దగ్గర నిలబడాలి. జైల్లో వార్డరుగా చేసి రిటైరైన వాన్ హోబర్ట్ దళానికి నాయకుడు. ముందు వాకిలి డోయల్‌కి ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక డోయల్‌ని ఎవరైనా ఏదైనా పదవికి ఎంచుకోవడం అదే మొదలు. ఇంటికి వస్తూనే అద్దం ముందు నిలబడ్డాడు.

"ఆయుధం బయటికి కనపడకూడదట. కోటు తప్పనిసరి అన్నాడు హోబర్ట్" అన్నాడు.

"నీ కోటుంది కదా."

"దాని బొత్తాలు పడటం మానేసి ఆరేళ్ళయింది. నీకు తెలీదా, వదులు చెయ్యడానికి ఇక బట్ట లేదని నువ్వేగా అన్నది." కొంచెం ఆగి, "మీ నాన్న కోటు నాకు సరిగ్గా సరిపోతుంది, ఆర్డీ" అన్నాడు.

ఎమెట్ సోర్లీ, ఆర్డిత్ తండ్రి, రైల్వే గూడ్సు గుమాస్తా. జన్మలో ఒక్కటే మంచి కోటు కుట్టించుకున్నాడు. బొగ్గు రంగు ఉన్ని బట్ట, వేలితో నొక్కితే తిరిగి లేచే నాణ్యం. పెళ్ళిళ్ళకీ చావులకీ ముప్పై ఏళ్ళు అదే. లోపలి అస్తరు చిరిగిపోతే ఆమె తల్లి ఓపల్, చర్చి గాయకబృందం అంగీలు కుట్టగా మిగిలిన ద్రాక్షరంగు శాటిన్ గుడ్డతో కొత్తగా వేసింది. లోపలి జేబు మీద మొగుడి పేరు మొదటి అక్షరాలు రెండూ గొలుసు కుట్టుతో కుట్టింది. తల్లి చేతిపనిలో ఆర్డిత్‌కి మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ ఒక వడగళ్ళ వానకి కప్పు ఎగిరిపోయినప్పుడు పాడైపోయాయి. కోటు దేవదారు పెట్టెలో ఉంటుంది. ఏడాదికోసారి తీసి గాలికి ఆరేసి, అస్తరు మీద అరచెయ్యి ఓసారి ఆనించి, మళ్ళీ లోపల పెడుతుంది.

"దాని జోలికి పోకు" అంది ఆర్డిత్.

"ఒక్క ఆదివారాలే కదా."

"ఆదివారాలు ఏడాదికి యాభై రెండొస్తాయి."

"ప్రభువు ఇంటి కోసం అడుగుతున్నా."

"ప్రభువు అడిగితే ఇస్తాను. నువ్వు అడుగుతున్నావు."

ఆ శనివారం పాస్టరుగారే ఫోన్ చేసి, "సిస్టర్, మీ నాన్నగారి కోటు మన వాకిట్లో నిలబడుతుందంటే ఎంత సంతోషంగా ఉందో" అన్నారు. డోయల్ పనే ఇది. కాదనలేక ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కోటు తిరగేసి చూస్తే కుడి తుంటి దగ్గర శాటిన్ పోగులు నాలుగు లేచి ఉన్నాయి, గోరు పెట్టి లాగినట్టు. ఒక్క పూటకే నాలుగు పోగులు.

కోటు తీసుకెళ్ళి డోయల్ పళ్ళెం పక్కన పరిచింది. అతను అప్పుడు బీన్సు తింటున్నాడు.

"చూడు. నలభై మూడు చొక్కాలకి నేను ఏమీ అనలేదు. ఇది మా అమ్మ కుట్టింది. వచ్చే ఆదివారం లోపు ఆ ఇనపముక్క కోరలు పీకించు. లేదా కోటు పెట్టెలోకి పోతుంది, నువ్వు దుప్పటి కప్పుకుని వాకిట్లో నిలబడు."

"కోరలేమిటి, అది నున్నగానే ఉంటుంది."

"ఉంటుందా. పెట్టు బల్ల మీద."

డోయల్ పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. ఖాళీ అయిందో లేదో ఆర్డిత్ మళ్ళీ తనే చూసుకుంది. తరవాత తన పాత నైలాన్ మేజోడు ఒకటి తెచ్చి, చేతికి తొడుక్కుని, పిస్తోలు ఒంటి మీద మెల్లగా రాసింది. మేజోడు ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆగి, దర్జీ సుద్దతో చిన్న గీత గీసింది. ఆ పరీక్ష తుపాకులవాళ్ళది కాదు, ఆమెదే. కొత్త సూదులు, గుండుసూదులు కొన్నప్పుడు మొనలు బాగున్నాయో లేదో ఆమె అలాగే చూస్తుంది. మేజోడు అబద్ధం చెప్పదు. వెనక గురి చూసే గంటు అంచులు రెండు. పైభాగం చివర మూల. సేఫ్టీ మీట కొస. వెనక, తూటాని కొట్టే కొక్కెం. పిడి మీద చెక్కిన గళ్ళయితే మేజోడుని కదలనివ్వనే లేదు.

పని అయ్యేసరికి పిస్తోలు ఒళ్ళంతా తెల్లని గీతలే, అమ్మవారు పోసినట్టు.

"పదిహేడు. పదిహేడు పళ్ళు పెట్టుకుని నున్నగా ఉందంటావు" అంది.

తుపాకులు బాగుచేసే ఓరిన్ టాకెట్ కొట్టు పశువుల దాణా దుకాణం వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. ముసలాడికి డెబ్బై ఆరు. ఎడమచేతికి మూడే వేళ్ళు, మిగతావి లేతు మిషను తీసుకుంది. నోట్లో పన్నుపుల్ల లేకుండా మాట్లాడడు, ఉంటే అర్థం కాడు. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ వెళ్ళారు. పిస్తోలు గుడ్డ విప్పి చూసి పన్నుపుల్ల తీశాడు.

"ఈ సుద్ద గీతలు ఎవరివి?"

"నావే" అంది ఆర్డిత్.

"యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, మిస్ ఆర్డిత్. తన తుపాకీ ఎక్కడ గీరుకుంటుందో ఇంత కచ్చితంగా తెలిసిన మనిషి నా కొట్లోకి రావడం ఇదే మొదలు."

"కొన్నాయనకి ఇప్పటికీ తెలీదు."

"కొన్నవాళ్ళకి తెలిస్తే నాకు తిండెక్కడిది." ఓరిన్ పిస్తోలుని వెలుతురులో తిప్పి చూశాడు. "ఇక్కడికొచ్చేవాళ్ళలో సగం మంది తుపాకీ బాగుచెయ్యమని రారు, తమని బాగుచెయ్యమని వస్తారు. అది నా బల్ల మీద అయ్యే పని కాదు. ఇది అవుతుంది. ఎంత నున్నగా కావాలి?"

"వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళ ఎలా ఉంటుందో అలా."

"పైదంతా అలా చేస్తా. ఆకురాయితో మూలలు తీసి, గరుకు కాగితం పట్టి, మళ్ళీ నలుపు ఎక్కిస్తా. కొక్కెం కొస తగ్గిస్తా. పిడికి ఒంటివైపు గళ్ళు తీసేస్తా. చేతివైపు ముందు గళ్ళు మాత్రం ముట్టుకోను. అవి బట్టకి తగలవు. చేతికి పట్టు అవే."

అంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఆగివుంటే ఈ కథ కూడా అక్కడితో ఆగేది. అయితే డోయల్‌కి గోడకి తగిలించిన చెక్కపిడి ఒకటి కనిపించింది. మెస్కీట్ అనే ముళ్ళచెట్టు చెక్క, అద్దంలా మెరుగు పెట్టింది, తేనె రంగు.

"ఇది వెయ్యి. ముందు గళ్ళు కూడా తీసి మెరుగు పెట్టు. చేస్తే పని పూర్తిగా చెయ్యాలి" అన్నాడు.

ఓరిన్ అతనికేసి చూశాడు. "బ్రదర్ డోయల్, నీ చేతికి చెమట పట్టదా?"

"నా చేతులు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి."

"పందొమ్మిదేళ్ళుగా ఏ పనీ పెట్టలేదుగా, పొడిగానే ఉంటాయి" అని, పన్నుపుల్ల మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. అంటే ఇక మాట్లాడనని.

ఆర్డిత్ కూడా ఏమీ అనలేదు. ఆమెకు కావలసింది అస్తరు. చేతిపట్టు మగవాడి గొడవ అనుకుంది. తన తప్పు అక్కడే ఉందని తరవాత ఒప్పుకుంది, గట్టిగా కాకపోయినా.

పది రోజుల తరవాత తిరిగొచ్చిన పిస్తోలుని ఆమె మళ్ళీ మేజోడుతో పరీక్షించింది. ఒక్కచోట కూడా పట్టలేదు. నీళ్ళ మీద జారినట్టు జారింది. ఓరిన్ మూడువేళ్ళ చెయ్యి మీద ఆమెకు గౌరవం కలిగింది. ఆ ఊళ్ళో మగవాడి పని మీద ఆమెకు గౌరవం కలిగి చాలాకాలమైంది. లేచిన నాలుగు పోగులూ సన్నసూదితో లోపలికి లాగి, కనపడకుండా కుట్టేసి, కోటు మళ్ళీ ఇచ్చింది.

నిజంగానే పని చేసింది. మార్చి, ఏప్రిల్ అంతా ఆదివారం మధ్యాహ్నం కోటు తిరగేసి అరచేత్తో తడిమి చూస్తే శాటిన్ చెక్కుచెదరలేదు. డోయల్ చర్చి బయట కార్ల మధ్య నిలబడి ఆ పిడిని కనపడిన ప్రతివాడికీ చూపించేవాడు. "మూలలన్నీ నేనే చెప్పి తీయించా" అనేవాడు. మూడో వారానికి దళంలో మిగతావాళ్ళ భార్యలు తమ మొగుళ్ళ పిస్తోళ్ళు చేతిసంచుల్లో పెట్టుకుని ఆర్డిత్ కొట్టుకి రాసాగారు. ఆమె మేజోడు తొడుక్కునేది, సుద్ద తీసేది.

"మీ ఆయనది ఇరవై రెండు, లవోన్" అంది ఒకామెతో.

"డోయల్‌ది ఎన్ని?"

"పదిహేడు."

లవోన్ ఆలోచించింది. "అయితే మావాడే ఎక్కువ" అంది, కొంచెం గర్వంగానే.

ఇలాంటి వాళ్ళతో కాపరం చేస్తున్న ఊరు అది.

మే నెలాఖరున దళం మొత్తానికి గురి పరీక్ష. ఊరి బయట సున్నపురాయి తవ్వేసిన గోతిలో కాగితపు బొమ్మలు నిలబెట్టారు. అటుపక్క ట్రక్కుల నీడలో కుటుంబాలు కుర్చీలు వేసుకుని, ఐసుపెట్టెలు, పొగబెట్టి కాల్చిన మాంసం, ఊరవేసిన దోసకాయలు పెట్టుకుని తీర్థానికి వచ్చినట్టు కూచున్నాయి. ఎండ మాడుస్తోంది. డోయల్ తన వంతు వచ్చేదాకా ఊరుకోలేక మాంసం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. వేళ్ళు జీన్సుకి తుడుచుకున్నాడు. కొంత తుడుచుకున్నాడు.

"బ్రదర్ డోయల్, ముందు వాకిలి" అని పిలిచాడు హోబర్ట్. అందరూ నవ్వారు. డోయల్ ప్రార్థన మొహం పెట్టి గీత దగ్గర నిలబడ్డాడు. హోబర్ట్ ఈల ఊదాడు. డోయల్ చొక్కా ఎత్తి, ఒరలోంచి పిస్తోలు లాగాడు. లాగినంత వేగంగానూ అది పైకి వెళ్ళింది. గట్టున పడ్డ చేప ఎగిరినట్టు ఎగిరి, ఎండలో ఒకసారి తళుక్కుమని, రెండు మొగ్గలు వేసి, హోబర్ట్ బూట్ల ముందు దుమ్ములో పడింది.

రక్షక దళం మొత్తం నేల మీద బోర్లా పడుకుంది. మిగతా ఐదుగురూ, వరసగా, ఎవరూ చెప్పకుండానే. ఆ ఒక్క విన్యాసమే ఆ రోజు వాళ్ళు ఏకకాలంలో చేసింది. హోబర్ట్ జైలు మనిషి కాబట్టి నిలబడే ఉన్నాడు, కళ్ళు మాత్రం మూసుకున్నాడు. పిస్తోలు పేలలేదు. దుమ్ము అణిగాక, ఎవరో ముసలామె కుర్చీలోంచే, "దోసకాయ సీసా ఇలా ఇవ్వండి" అంది.

హోబర్ట్ పిస్తోలు తీసి, ఖాళీ చేసి, పిడి మీద బొటనవేలు రాసి చూశాడు. "ఇది పిస్తోలా, సబ్బుబిళ్ళా?"

"మా ఆవిడ చేయించింది" అన్నాడు డోయల్.

ఆర్డిత్ ట్రక్కు నీడలోంచి ఆ మాట విన్నది.

"రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష. అందాకా నువ్వు వాకిట్లో నిలబడి పాటల కాగితాలు పంచు, బ్రదర్. అవి కిందపడ్డా ఫరవాలేదు" అన్నాడు హోబర్ట్.

కాగితాలు పంచే రెండు ఆదివారాలూ డోయల్ తిండి సగానికి తగ్గింది. ఆర్డిత్‌కి కాస్త జాలి వేసింది కూడా. గళ్ళు తిరిగి వేయించమని, బట్టకి తగలని ముందువైపు మాత్రమే వేయించమని, ఓరిన్ దగ్గరికి తనే తీసుకెళతానని చెప్పింది. డోయల్ తల ఊపాడు. ఓరిన్ దగ్గరికి వెళ్ళలేదు. "చెప్పానా" అనే మాట వినడం ఇష్టం లేదు. దుకాణంలో ట్రాక్టరు మెట్ల మీద కాలు జారకుండా అంటించే గరుకు పట్టీ చుట్టలు ఉంటాయి. నల్లగా, గాజుపెంకులు చల్లినట్టు ఉంటుంది, బూటు అడుగుని కూడా పట్టుకుంటుంది. దాన్ని ముక్కలు కోసి, తేనె రంగు పిడి చుట్టూ, ఒక్క అంగుళం కూడా వదలకుండా, ముందూ వెనకా ఒంటివైపూ చేతివైపూ అంటించాడు. నున్నగా చేయించడానికి పది రోజులు ఆగిన మనిషి, గరుకు చెయ్యడానికి పది నిమిషాలు కూడా తీసుకోలేదు. భార్యకి చెప్పలేదు. గురి పరీక్ష నెగ్గాడు. పిస్తోలు చేతికి జలగలా అంటుకుందని హోబర్ట్ మెచ్చుకున్నాడు.

జూన్ మూడో ఆదివారం ముందు వాకిలి మళ్ళీ డోయల్‌ది. ఆ వేళ ఆర్డిత్ పైన గాయకబృందంలో ఉంది. డోయల్ పదవి తిరిగొచ్చిన ఉత్సాహంలో వచ్చినవాళ్ళందరినీ కావలించుకున్నాడు. వంగి పిల్లల్ని పలకరించాడు. పాటకి లేచాడు, ప్రార్థనకి కూచున్నాడు, మళ్ళీ లేచాడు. ఆరాధన అయ్యాక ఆమె మెట్లు దిగుతుంటే నడవాలో పరిచిన బూడిదరంగు తివాచీ మీద ద్రాక్షరంగు నూగు కనిపించింది. ముందు పువ్వు రేకేమో అనుకుంది. నాలుగడుగుల అవతల ఇంకో ఉండ. కాఫీబల్ల దగ్గర ఇంకాస్త. బల్లి తోక తెంపుకుంటూ పోయినట్టు ఆ రంగు ముందు వాకిలి దాకా వెళ్ళింది. వాకిట్లో డోయల్ పాస్టరుగారి చెయ్యి ఊపుతున్నాడు.

ఆమె కోటు అంచు పట్టుకుని తిప్పి చూసింది. అస్తరు కుడివైపంతా గొర్రె ఉన్ని పీకినట్టు పీకేసి ఉంది. కింద వేసిన కాన్వాసు గుడ్డ కనిపిస్తోంది. తల్లి కుట్టిన రెండక్షరాల్లో మొదటిది సగం అరిగిపోయింది, గొలుసు విడిపోయి పోగు వేలాడుతోంది.

"విప్పు" అంది.

"ఇక్కడా? పిస్తోలు కనపడుతుంది, ఆర్డీ."

"పందొమ్మిదేళ్ళుగా అందరికీ కనపడుతూనే ఉంది. విప్పు."

విప్పాడు. ఆ నల్ల పట్టీలో శాటిన్ పోగులు ఇరుక్కుని పిస్తోలుకి ద్రాక్షరంగు గడ్డం మొలిచినట్టుంది. పాస్టరుగారు ఎటో చూశారు.

ఇంటికెళ్ళాక డోయల్ వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు మాట్లాడాడు. పట్టు లేకపోతే ఎలా అన్నాడు. దళం ముందు పరువు పోయిందన్నాడు. లబక్ సంగతి కూడా ఎత్తాడు. ఈసారి నలుగురు.

"ఒక్క మాట అడుగుతాను. ముందువైపు ఒక్కటీ అంటిస్తే సరిపోయేది కదా. ఒంటివైపు ఎందుకు అంటించావు?" అంది ఆర్డిత్.

డోయల్ ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. "పట్టీ మిగిలింది" అన్నాడు.

ఆ జవాబుతో ఆమెకు మనిషి పూర్తిగా అర్థమయ్యాడు. నలభై ఒక్క ఏళ్ళ కాపరంలో రావలసిన అర్థం అది, కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఆ వేసవంతా కొట్లో పని లేనప్పుడల్లా ఆర్డిత్ ఆ కోటు విప్పింది. భుజాలు విప్పింది, చేతులు ఊడదీసింది. విప్పుతుంటే తెలిసింది, తల్లి ప్రతి కుట్టు దగ్గరా లోపలికి వేలెడు బట్ట మడిచి వదిలిపెట్టిందని, ఎప్పుడైనా ఎవరికైనా సరిచెయ్యడానికి. ఆర్డిత్ టేపు తన భుజాలకి చుట్టుకుంది, తన నడుముకి చుట్టుకుంది. బొగ్గు రంగు బట్ట మీద సుద్దగీతలు గీసి, కత్తెర పెట్టింది. డోయల్ ఒకటి రెండుసార్లు, "ఏం చేస్తున్నావు?" అని అడిగాడు. "కోరలు పీకుతున్నా" అంది.

ఎడమవైపు శాటిన్ బాగానే ఉంది, దాన్ని అలాగే ఉంచింది. కుడివైపుకి పాత శాటిన్ కోసం వెతకలేదు. మామూలు బూడిదరంగు గుడ్డ వేసింది. పోయింది పోయినట్టే కనపడాలని ఆమె ఉద్దేశం. రెండో అక్షరం ఒక్కటే నిలిచిన జేబుని కదల్చలేదు. మొదటి అక్షరం తిరిగి కుట్టగలదు, అదే గొలుసు కుట్టు ఆమెకూ వచ్చు. కుట్టలేదు. తల్లి కుట్టినదాన్ని తను కుడితే అది తన కుట్టే అవుతుంది.

అక్టోబరులో చలిగాలి మొదలైన ఆదివారం ఆ కోటు తొడుక్కుని చర్చికి వెళ్ళింది. ముందు వాకిట్లో డోయల్ చేపలు పట్టేవాళ్ళ చేతుల్లేని కోటు వేసుకుని నిలబడ్డాడు. పద్నాలుగు జేబులున్నాయి దానికి. ఎండలో నిలబెట్టిన పోస్టాఫీసులా ఉన్నాడు. హోబర్ట్ ఆమెని ఆపి, కోటు వంక మెచ్చుకోలుగా చూసి, గొంతు తగ్గించాడు.

"బాగా కుదిరింది, సిస్టర్. కింద ఏదైనా పెట్టుకున్నారా?"

"మా నాన్న కోటు కింద ఎప్పుడూ మనిషే ఉండేవాడు, బ్రదర్. ఇప్పుడు నేనున్నాను."

లోపలికి వెళ్ళబోతూ డోయల్ దగ్గర ఆగింది. అప్పటికే ఆ చేపలకోటు కుడివైపు, నడుముకి బెత్తెడు పైన నూగు లేచింది. అది చూసింది. చేతిసంచిలోంచి సూదులు గుచ్చిన చిన్న అట్ట, ఖాకీ దారం ఉండ తీసి అతని పద్నాలుగు జేబుల్లో ఒకదాంట్లో పెట్టింది.

"ఇదెందుకు?" అన్నాడు డోయల్.

"నలభై నాలుగోది నీదే" అని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

పై నుంచి మొదటి పాట మొదలైంది. కింద వాకిట్లో రక్షకుడు సూది బెజ్జాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దారం కొస నోట్లో తడుపుకుని, రెండు చేతులూ పని మీదే ఉంచి, తలుపు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. పాట మూడో చరణం దాకా కూడా దారం ఎక్కలేదు.